పెయింట్‌బాల్ బ్యాక్‌స్పిన్ డైరీ: ఆరు ర్యాంపులు, 762 బంతులు, అరవై సెంటీమీటర్లు

పెయింట్‌బాల్ అంటే రంగు నింపిన బంతుల్ని గ్యాసు ఒత్తిడితో ఒకరి మీద ఒకరు పేల్చుకునే ఆట. ఆ బంతి వెనక్కి తిరుగుతూ, అంటే బ్యాక్‌స్పిన్‌తో, పోవడానికి బ్యారెల్ మూతి దగ్గర పెట్టే చిన్న వాలు ముక్కే ఇక్కడ ర్యాంపు. ర్యాంపు ప్రింట్ చేసుకోవడానికే వచ్చినవాళ్లు నేరుగా దశ 4కి వెళ్లిపోవచ్చు, పనికొచ్చే కొలతలన్నీ అక్కడే ఉన్నాయి. కానీ దశ 2 వదిలేసి వెళ్తే నాలాగే బోలెడు బంతులు వృథా చేసుకుంటారని ముందే చెబుతున్నా.

మార్కర్, అంటే పెయింట్‌బాల్ తుపాకీ, పాత టిప్‌మన్ 98 కస్టమ్. ఉండేది డాలస్‌కి ఉత్తరాన. కాల్పులన్నీ మాతో ఆడే ఒకాయన పొలంలో చేశాం. డెబ్బై మీటర్ల చదును, చివర ఎత్తైన మట్టికట్ట. టేపు, నోటుబుక్కు పట్టింది మా బావమరిది. ఇక్కడే ఎంఎస్ చదువుతున్నాడు, శనివారం బిర్యానీ పెట్టిస్తే ఏ పనికైనా వస్తాడు. ఇద్దరం మాస్కులు తీయలేదు, లక్ష్యంగా కట్టిన దుప్పటి దగ్గరికి నడిచిన ప్రతిసారీ బ్యారెల్‌కి కవర్ తొడిగాం. ఇంతకంటే సేఫ్టీ పాఠం ఇక్కడ చెప్పను.

తేల్చుకోవాల్సింది ఇదీ: నేలకు సమాంతరంగా పేలిస్తే మామూలు బ్యారెల్ నుంచి వచ్చిన బంతి ముప్పై మీటర్లు దాటగానే నేల పడుతుంది. దానికి బ్యాక్‌స్పిన్ ఇస్తే ఎంత కలిసొస్తుంది, ఏం పోతుంది?

దశ 1: ర్యాంపు లేకుండా కొలతలు

మార్కర్‌ని చెక్క దిమ్మెలో బిగించి, బల్ల మీద పెట్టి, పైన రెండు ఇసుక సంచులు వేశాను. బ్యారెల్ ఎత్తు నేల నుంచి 1.2 మీటర్లు. లక్ష్యం పాత డబుల్ కాట్ దుప్పటి, దాని మీద స్కెచ్ పెన్నుతో 10 సెంటీమీటర్ల గళ్లు.

1. బ్యారెల్ మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా దిమ్మె కింద అట్టముక్కలు దోపాలి.
2. బంతిని నెట్టే గ్యాసు ట్యాంకు విప్పేసి, లేజర్ పాయింటర్‌ని బ్యారెల్ మూతిలో బిగించి, 30 మీటర్ల దగ్గర దుప్పటి మీద ఎర్ర చుక్క పడినచోట గీత గీయాలి. అదే సున్నా. లేజర్ తీసి పక్కన పెట్టాకే ట్యాంకు.
3. పదేసి బంతులు. ప్రతి బంతికీ క్రోనో (బంతి వేగం కొలిచే పరికరం) చూపించిన వేగం రాయాలి.
4. గీత నుంచి మరక మధ్యకి ఎంత కిందో, ఎంత పక్కకో కొలవాలి.

మొదటి నలభై బంతులు చెత్తబుట్టకే పోయాయి. సీఓ2 ట్యాంకుతో మొదలుపెట్టాను. మొదటి బంతి సెకనుకు 285 అడుగులు, పన్నెండో బంతి 255. ట్యాంకులో ద్రవం ఆవిరవుతూ చల్లబడే కొద్దీ ఒత్తిడి పడిపోతుంది, వేగమూ దానితోపాటే. ఆగి ఆగి పేలిస్తే కొంత నయం. కానీ అలా ఆగుతూ కూర్చుంటే మిట్టమధ్యాహ్నానికి పదిహేను బంతులు కూడా అవలేదు. సెకండ్ హ్యాండ్‌లో కంప్రెస్డ్ ఎయిర్ ట్యాంకు కొన్నాను, గొడవ పోయింది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే సీఓ2తో ఒక్క కొలత కూడా తీయొద్దు.

గాలి ట్యాంకుతో నలభై బంతులు, వేగం 280 దగ్గర పెట్టి:

- 30 మీటర్ల దగ్గర సగటు పతనం: గీతకు 104 సెంటీమీటర్లు కింద
- నిలువు చెదరడం, అన్నిటికంటే పైది నుంచి అన్నిటికంటే కిందది దాకా: 72 సెం.మీ.
- అడ్డం చెదరడం: 66 సెం.మీ.
- దుప్పటి తీసేస్తే మొదట నేల తాకే చోటు: సుమారు 32 మీటర్లు

104 చూసి టేపు తప్పు పట్టామేమో అనుకున్నాను. లెక్క వేస్తే సరిపోయింది. బంతి బరువు 3 గ్రాములు, వ్యాసం 17.3 మిల్లీమీటర్లు. సెకనుకు 85 మీటర్ల (అవే 280 అడుగులు) వేగంతో బయటపడేటప్పుడు గాలి దాన్ని వెనక్కి లాగే బలం దాని సొంత బరువుకి పదహారు రెట్లు. ప్రతి 31 మీటర్లకీ వేగం సగమైపోతుంది. ఈ 31 అంకె గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దెబ్బ కొడుతుంది.

ఇప్పటిదాకా: 80 షాట్లు. ఖర్చు 130 డాలర్లు (2,000 బంతుల పెట్టె 50, గాలి ట్యాంకు 60, డిజిటల్ కాలిపర్ 20). క్రోనో అరువు.

దశ 2: బంతి, బ్యారెల్ జోడీ

దీన్ని దాటేసి ర్యాంపు పనిలోకి దిగుదామనుకున్నాను. దాటనివ్వలేదు.

జూన్ వేడిలో ఒక సంచి, అంటే 500 బంతులు, రెండు వారాలు గరాజ్‌లో ఉండిపోయింది. తీసి చూస్తే మెత్తగా, బొద్దుగా, ఒకవైపు చప్పిడిగా ఉన్నాయి. పైపెంకు జెలటిన్, చేప నూనె గోళీలకు వాడేదే. తేమ పీలిస్తే ఉబ్బుతుంది, వేడికి మెత్తబడుతుంది, ఒకేవైపు పడి ఉంటే అటు అణిగిపోతుంది. కాలిపర్ పెడితే ఒకవైపు 17.2, ఇంకోవైపు 17.6. సంచి మొత్తం పారేశాను. అప్పటి నుంచి మిగతా మూడు సంచులూ ఏసీ ఉన్న పడగ్గదిలో మంచం కింద. రెండు రోజులకోసారి తిప్పి పెడతాను. ఇంట్లో దీని మీద వచ్చిన మాటలు ఇక్కడ రాయను.

మంచి సంచిలో బంతులు కూడా పూర్తి గుండ్రం కాదు. రెండు సగాలు అతికిన సీమ్ మీదుగా కొలిస్తే ఒక అంకె, దానికి అడ్డంగా కొలిస్తే ఇంకో అంకె. తేడా 0.1 నుంచి 0.2 మి.మీ.

బ్యారెల్ లోపలి గొట్టాన్ని మార్చుకునే ఇన్‌సర్ట్ కిట్ సెకండ్ హ్యాండ్‌లో 70 డాలర్లకి దొరికింది. జోడీ చూసే పద్ధతి పాతదే:

1. బ్యారెల్‌ని మార్కర్ నుంచి పూర్తిగా విప్పి, వెనకవైపు నుంచి బంతి వేయాలి.
2. దానంతట అదే దొర్లి కింద పడితే గొట్టం పెద్దది.
3. నోటితో గట్టిగా ఊదినా కదలకపోతే చిన్నది.
4. నిలబడి, ఒక్క ఊపుకి టప్పున బయటకి వస్తే అదే మీ సైజు.

నాలుగు సైజులకీ ముప్పయ్యేసి బంతులు కాల్చాను. 17.53 మి.మీ. గొట్టంలో వేగం తేడా 22 అడుగులు. 17.37లో 9 అడుగులు. నిలువు చెదరడం 72 నుంచి 58కి, అడ్డం 66 నుంచి 55కి దిగాయి. మార్కర్‌తో వచ్చిన 8.5 అంగుళాల బ్యారెల్, కిట్‌తో వచ్చిన 14 అంగుళాలది కూడా పోల్చాను. శబ్దం తగ్గింది. దూరం పెరగలేదు. పొడుగు బ్యారెల్ అయితే బంతి దూరం పోతుందనే నమ్మకం మా బృందంలో ఇంకా చావలేదు. రెండిటినీ ఒకే 280 దగ్గర పెట్టాక బంతికి పొడుగు, పొట్టి తెలియవు.

ఇక్కడే నాకు అసలు సంగతి తట్టింది. వేగంలో 22 అడుగుల తేడా ఉంటే దుప్పటి మీద రావాల్సిన నిలువు తేడా లెక్క ప్రకారం 16 సెం.మీ. నాకు వచ్చింది 72. మిగతాదంతా ఎక్కడిది? వదులు గొట్టంలో బంతి ఈ గోడకీ ఆ గోడకీ రాసుకుంటూ వస్తుంది. రాసుకున్న వైపును బట్టి ఏదో ఒక స్పిన్ అంటుకుంటుంది. ఒక బంతి ఆఫ్‌స్పిన్, మరొకటి లెగ్‌స్పిన్. అంటే బ్యారెల్ స్పిన్ ఇవ్వకుండా బంతిని వదలడం లేదు. నేను చేయాల్సింది అది ఎటువైపో నిర్ణయించడం.

ఇప్పటిదాకా: 200 షాట్లు, 200 డాలర్లు. పారేసినవి 500 బంతులు.

దశ 3: మొదటి నాలుగు ర్యాంపులు

క్రికెట్ చూసేవాళ్లకి రెండు ముక్కల్లో: టాప్‌స్పిన్ వేస్తే బంతి అనుకున్నదానికంటే ముందే వాలుతుంది. బ్యాక్‌స్పిన్ దానికి తలకిందులు, బంతిని గాలిలో పైకి పట్టి ఉంచుతుంది. దీన్ని 1852లో వివరించిన జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద మాగ్నస్ ప్రభావం అంటారు. బంతి పైభాగాన్ని ఏదైనా గరుకుది వెనక్కి లాగి వదిలితే బ్యాక్‌స్పిన్ వస్తుంది. ప్లాస్టిక్ గుండ్లు పేల్చే ఎయిర్‌సాఫ్ట్ ఆట తుపాకుల్లో గొట్టం పైన చిన్న రబ్బరు మొటిమ చేసేది ఇదే. టిప్‌మన్ ఫ్లాట్‌లైన్ బ్యారెల్ మొత్తం కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. బంతి నిటారుగా పోవాలని చూసి పైగోడని ఒరుసుకుంటూ వస్తుంది. ఏపెక్స్ రకం బ్యారెల్‌లో మూతి దగ్గర చిన్న ర్యాంపు ఉంటుంది. నాకు త్రీడీ ప్రింటర్ ఉంది కాబట్టి ర్యాంపు దారి పట్టాను.

మూతి మీద తొడిగే టోపీలాంటిది, 60 మి.మీ. పొడుగు, లోపల పైవైపు ర్యాంపు.

ర్యాంపు 1. పీఎల్ఏ ప్లాస్టిక్, ఎత్తు 3 మి.మీ. ఇరవై బంతుల్లో పదిహేడు లోపలే పగిలాయి. మూడోది పగిలినప్పుడే ఆపాల్సింది. ఆపలేదు, నాదే తప్పు. గులాబీ రంగు జిగురు చుక్కలుగా కారుతూ బల్ల మీద, ఇసుక సంచి మీద, చివరికి నా చెప్పుల్లో. స్క్వీజీతో బ్యారెల్ తుడవడానికి ఇరవై నిమిషాలు, ప్రింట్ పొరల సందుల్లోంచి రంగు తీయడానికి పాత టూత్‌బ్రష్‌తో గంట.

ర్యాంపు 2. పీఈటీజీ ప్లాస్టిక్, ఎత్తు 1 మి.మీ. నలభై బంతుల్లో పగిలింది ఒక్కటే. కానీ పతనం 104 బదులు 101. అంటే ఏమీ జరగలేదు. లోపల వేలు పెట్టి చూస్తే నూనె రాసిన పెనంలా ఉంది. బంతుల మీద సన్నటి జిడ్డు పొర ఉంటుంది, గట్టి ప్లాస్టిక్ మీద బంతి దొర్లకుండా జారిపోయింది.

ర్యాంపు 3. అదే ఎత్తు, కానీ ముఖానికి టీపీయూ, అంటే రబ్బరులా సాగే ప్లాస్టిక్, పట్టీ వేశాను. మొదటి బంతి పోవడం పోవడం దుప్పటి పైనుంచి పోయింది. "బావా, అది దిగట్లేదు!" అని అరిచాడు బావమరిది. ఇరవై మీటర్లు దాటాక ముక్కు పైకెత్తి, ఎక్కి, ఆగిపోయినట్టు అయి, కట్ట ముందు నిలువుగా పడింది. ముప్పై బంతుల్లో నాలుగు పగిలాయి, దుప్పటికి తగిలినవి ఆరు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ముందే వేయాల్సింది. మూతి దగ్గర బంతి తన బరువును తానే మోసుకునేంత లిఫ్ట్ రావాలంటే నిమిషానికి రెండున్నర, మూడు వేల చుట్లు చాలు. ర్యాంపు మీద ఏమాత్రం జారకుండా పూర్తిగా దొర్లితే వచ్చేది తొంభై నాలుగు వేల చుట్లు. అంటే కావాల్సింది నూటికి మూడు. మిగతాదంతా జారుడే. ఇంత చిన్న భాగాన్ని ప్రతి బంతికీ ఒకేలా ఇవ్వాలన్నమాట.

ఇంకో చిక్కు కూడా ఉంది, అది వంటింట్లో తెలిసింది. ఉడికిన గుడ్డుని బల్ల మీద తిప్పి వేలితో ఆపి వదిలితే ఆగిపోతుంది. పచ్చి గుడ్డు మళ్లీ తిరుగుతుంది, లోపలి సొన ఇంకా తిరుగుతుంటుంది కాబట్టి. పెయింట్‌బాల్‌తో ఇదే చేసి చూడండి, అచ్చం పచ్చి గుడ్డే. ర్యాంపు తిప్పేది పెంకుని మాత్రమే. బయటికి వచ్చాక ఆ స్పిన్‌ని లోపలి చిక్కటి ద్రవం పంచుకుంటుంది, పెంకు నెమ్మదిస్తుంది. అందుకే గట్టి ప్లాస్టిక్ ఎయిర్‌సాఫ్ట్ గుండు కొలతలు ఇక్కడ కాపీ కొడితే పని చేయవు. రైఫిలింగ్, అంటే గుండుని తిప్పడానికి గొట్టం లోపల చెక్కే మెలి గాడులు, కూడా అంతే. గుండ్రటి బంతికి ముక్కు లేదు, ముక్కు నిలబెట్టే స్పిన్‌తో దానికి పని లేదు.

ర్యాంపు 4. టీపీయూ పట్టీ, ఎత్తు 0.5 మి.మీ., పొడుగు 40కి తగ్గించాను, ఎందుకంటే 60 మి.మీ. పట్టీ వేగాన్ని 280 నుంచి 259కి లాగేసింది. కొత్తదానితో 271. పతనం 61 సెం.మీ. బాగానే ఉంది, కానీ లెక్క ప్రకారం ఇంకా తగ్గాలి. రెండు వారాంతాలు పట్టీ గరుకుదనం మార్చుకుంటూ కూర్చున్నాను. తప్పు అక్కడ లేదు.

బావమరిదే అన్నాడు, "దగ్గర్లో ఒక పేపర్ పెట్టి చూద్దాం బావా". 10 మీటర్ల దగ్గర పాత పేపరు తెర కట్టాం. మామూలు బ్యారెల్ బంతి అక్కడ గీతకు 8 సెం.మీ. కింద తగలాలి, తగిలింది. ర్యాంపు బంతి 13 కింద తగిలింది. పైకి లేవాల్సింది ఇంకా కిందికి పోతోంది! ర్యాంపు పైనుంచి నొక్కుతుంది కదా, బంతిని కొద్దిగా కిందికి వంచి వదులుతోంది. 0.7 డిగ్రీలు. 30 మీటర్లకి అదే 37 సెం.మీ. అయింది. అంటే 61లో 37 గురి తప్పు, మిగిలిన 24 మాత్రమే అసలు పతనం.

ఇది కొత్తేమీ కాదని తర్వాత తెలిసింది. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో బెంజమిన్ రాబిన్స్ తుపాకీ గొట్టాన్ని ఎడమకి వంచి కాల్చాడు. గుండు ముందు ఎడమకి వెళ్లి, తర్వాత గాల్లో కుడికి తిరిగింది. నేను చేసింది అదే పని, నిలువుగా. పరిష్కారం చవక: దిమ్మె ముందు కాలి కింద రెండు వాషర్లు, 30 సెం.మీ. దిమ్మెకి 3.7 మి.మీ. ఎత్తు. పతనం 25కి వచ్చింది.

ఇప్పటిదాకా: 380 షాట్లు, లోపల పగిలినవి 24, ఖర్చు 228 డాలర్లు.

పక్కదారి: వంచిన గొట్టం

త్వరగా ముగిస్తాను. 16 డాలర్ల అల్యూమినియం గొట్టంలో ఇసుక దట్టించి, కారు వీల్ రిమ్ మీద వంచాను. వంపు దగ్గర గొట్టం 0.4 మి.మీ. చప్పిడి అయింది. పన్నెండు బంతుల్లో తొమ్మిది పగిలాయి. ఇంట్లో గుండ్రం చెడకుండా వంచే పరికరం లేకపోతే ఈ జోలికి పోవద్దు.

ఇప్పటిదాకా: 392 షాట్లు, పగిలినవి 33, ఖర్చు 244.

దశ 4: తిప్పుకునే ర్యాంపు

ర్యాంపు 5 ఒక్క సమస్య కోసమే పుట్టింది. టోపీ ప్రతి పది బంతులకీ కొద్దికొద్దిగా మూతి చుట్టూ తిరిగిపోతోంది. 15 డిగ్రీలు తిరిగితే 30 మీటర్ల దగ్గర బంతి 20 సెం.మీ. పక్కకి పోయింది. గొట్టం బిగించే హోస్ క్లిప్ వేసి, బ్యారెల్ మీద, టోపీ మీద కలిపి తెల్ల గీత గీశాను. గీత చీలితే తిరిగినట్టు. కావాలనే 90 డిగ్రీలు తిప్పి కూడా కొట్టాం. ర్యాంపు ఎడమన ఉంటే బంతి ఎడమకి 70 సెం.మీ. వంగింది. ర్యాంపు ఎటు ఉంటే బంతి అటు. బంకర్ (ఆటలో దాక్కునే అడ్డు) పక్కనుంచి వంచి కొట్టొచ్చని బావమరిది తెగ సంబరపడ్డాడు.

ర్యాంపు 6 ఇప్పుడు మార్కర్ మీద ఉన్నది. టీపీయూ పట్టీ ముందు అంచు కీలులా అతికి ఉంటుంది, మూతి వైపు అంచుని పైనుంచి ఎం3 స్క్రూ నొక్కుతుంది. ఎం3 మర ఒక చుట్టుకి 0.5 మి.మీ. దిగుతుంది, అంటే పావు చుట్టుకి 0.125. దీనికంటే సులువైన కొలమానం నాకు తట్టలేదు.

ఒక్కో ఎత్తుకి నలభై బంతులు, 30 మీటర్లు, కిందికి వంగే తప్పు ప్రతిసారీ సరిచేసి:

- 0.25 మి.మీ.: పతనం 66, పగిలినవి 0
- 0.5 మి.మీ.: పతనం 25, పగిలింది 1
- 0.75 మి.మీ.: గీతకు 20 సెం.మీ. పైన, పగిలినవి 6
- 1 మి.మీ.: చాలావరకు దుప్పటి దాటిపోయాయి, పగిలినవి 17

0.5 దగ్గర ఆగాను. నేలకు సమాంతరంగా పేలిస్తే మొదట నేల తాకే చోటు 32 నుంచి 46 మీటర్లకి జరిగింది. ఫోన్‌లో ఈ అంకె మా బృందానికి పంపాక వచ్చిన మెసేజీల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: చెదరడం ఎంత? నిలువు 58 నుంచి 95కి పెరిగింది. అడ్డం 60 మాత్రమే.

కారణం కాలిపర్ చెప్పింది. ర్యాంపు దిగేది 0.5. బంతి బంతికీ వ్యాసంలో తేడా 0.2 దాకా. లావు బంతి గట్టిగా ఒరుసుకుంటుంది, సన్నది తాకీ తాకనట్టు పోతుంది. ఇద్దరికీ ఒకే స్పిన్ ఎలా వస్తుంది? రెండు రింగులు ప్రింట్ చేశాను, 17.3, 17.4. మొదటి దాంట్లో ఆగి, రెండో దాంట్లోంచి జారిన బంతులే వాడాలి. 150 బంతుల్లో 62 నిలిచాయి. ఒక సినిమా చూస్తూ ఏరాను, అర్ధరాత్రి దాటింది. వాటిలో అరవై కాలిస్తే నిలువు చెదరడం 74.

మెయింటెనెన్స్ సంగతి. పదిహేను బంతులయ్యేసరికి పట్టీ మీద జిడ్డు పేరుకుని నున్నబడుతుంది, పతనం 25 నుంచి మెల్లగా 52కి జారుతుంది. కాబట్టి:

1. పది బంతులకోసారి పొడిగుడ్డ. తడిగుడ్డ వద్దు, తడి తగిలితే జెలటిన్ అతుక్కుంటుంది.
2. వంద బంతులకోసారి 220 నంబరు ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు, బ్యారెల్‌కి అడ్డంగా.
3. ఒక్క బంతి లోపల పగిలినా ఆపి, విప్పి, పూర్తిగా తుడవాలి. రెండో బంతిని ఆ రంగులోంచి పంపితే అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.
4. క్రోనో ఎప్పుడూ ర్యాంపు ఉన్నప్పుడొకసారి, తీసేశాక ఇంకోసారి. ర్యాంపుతో 278కి పెట్టుకుని, తర్వాత దాన్ని విప్పి కొడితే నాకు 288 వచ్చింది. మేం ఆడే ఫీల్డు పరిమితి 280. అవతలివాడి ఒంటి మీద వాత తేలేది ఈ తేడాకే.

ఇప్పటిదాకా: 642 షాట్లు, పగిలినవి 57, ఖర్చు 249.

దశ 5: 45 మీటర్ల దగ్గర చొక్కా

దుప్పటి మీద మరక పడితే సరిపోదు, ఆటలో బంతి ఒంటి మీద పగలాలి. పగలకుండా ఎగిరిపోతే లెక్కలోకి రాదు. కర్రల ఫ్రేముకి పాత జీన్స్ జాకెట్ తొడిగి, బ్యారెల్ ఎత్తులోనే నిలబెట్టాం.

30 మీటర్ల దగ్గర ముప్పై బంతులు: తగిలినవి 16, పగిలినవి 14.
45 మీటర్ల దగ్గర యాభై బంతులు: తగిలినవి 11, పగిలినవి 4.

మిగిలిన ఏడూ జాకెట్‌ని తట్టి, మర్యాదగా కింద పడ్డాయి. ముందు చెప్పిన 31 ఇక్కడికొచ్చింది. 45 మీటర్లకి బంతి వేగం సెకనుకు 31 మీటర్లే మిగులుతుంది, మూతి దగ్గరున్న శక్తిలో ఏడోవంతు కంటే కాస్త తక్కువ. బ్యాక్‌స్పిన్ బంతిని పైకి పట్టి ఉంచుతుంది గానీ ముందుకి నెట్టదు.

ఇంకో పరీక్ష చేయకుండా ఉంటే సంతోషంగా ఉండేవాణ్ణి. ర్యాంపు విప్పేసి, వేగం మళ్లీ 280కి తెచ్చి, మామూలు బ్యారెల్‌ని కాస్త ఎత్తి అదే జాకెట్‌ని కొడితే? నలభై బంతులు. తగిలినవి 10, పగిలినవి 4. అంటే దాదాపు అదే ఫలితం, ఒక్క రింగు లేకుండా, ఒక్క స్క్రూ లేకుండా. ఎత్తాల్సింది 3.8 డిగ్రీలు. ర్యాంపుతో 1.3.

తేడా ఎక్కడుందో చూడటానికి 27 మీటర్ల దగ్గర పది సెంటీమీటర్లకో టేపు చుట్టిన కర్ర పాతి, ఫోన్‌లో స్లోమోషన్ తీశాను. మామూలు బంతి బ్యారెల్ ఎత్తుకంటే 104 సెం.మీ. పైనుంచి వెళ్లింది. ర్యాంపు బంతి 46 పైనుంచి. బావమరిది నోటుబుక్కులో తీసివేత వేసి, పెన్ను మూసి, నా వైపు చూశాడు.

"బావా, నాలుగు నెలలు ఈ అరవై సెంటీమీటర్లకేనా?"

యాభై ఎనిమిది. సరిదిద్దలేదు.

1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ అడవిలో పన్నెండు మంది ఆడిన మొదటి ఆటలో, చెట్లకీ పశువులకీ గుర్తులు వేయడానికి చేసిన పిస్టళ్లతో దిగినవాళ్లలో, గెలిచినాయన ఒక్క బంతి కూడా పేల్చలేదట. ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు ఎందుకో అదే గుర్తొచ్చింది.

ఇప్పటిదాకా: 762 షాట్లు, పగిలినవి 57, ఖర్చు 249. జాకెట్ పాతదే.

దశ 6: ఆటలో

ఫీల్డులో సెడార్ చెట్లున్న వైపు కొమ్మలు రెండు మీటర్ల ఎత్తు దాకా వేలాడుతుంటాయి. నిలబడి పేలిస్తే నా బ్యారెల్ 1.4 మీటర్ల దగ్గర ఉంటుంది. దూరంగా ఉన్నవాణ్ణి మామూలు బ్యారెల్‌తో కొట్టాలంటే బంతి 2.4 మీటర్ల ఎత్తుకి లేవాలి, అంటే కొమ్మల్లోకి. ర్యాంపు బంతి 1.86 దగ్గరే ఉండిపోయి కిందనుంచి దూరిపోతుంది. ఆ ఒక్క చెట్ల వరుసలో మాత్రం ర్యాంపు పనికొచ్చింది. బయట చదునులో ఆడినప్పుడు విప్పి జేబులో పెట్టుకుంటున్నాను, విప్పిన ప్రతిసారీ క్రోనో దగ్గరికి నడుస్తున్నాను. రిఫరీకి నా మొహం బాగా గుర్తుండిపోయింది.

పెట్టెలో మిగిలినవి 738 బంతులు. నిన్న రాత్రి అన్నిటినీ రింగుల్లో వేశాను: నిలిచినవి 281. మిగతా 457 బావమరిది పట్టుకుపోయాడు. వాడికి ర్యాంపు లేదు, కొంచెం ఎత్తి కొడతాడు.